లోహ కేంద్రిత సిలికాన్ క్లస్టర్లలో ఎలక్ట్రాన్ల లెక్క: 18, 20, 68 మధ్య పొంతన ఉందా?

జిజ్ఞాసి

అందరికీ నమస్కారం. ఒక లోహ పరమాణువు చుట్టూ సిలికాన్ పరమాణువులు పంజరంలా కూడుకొనే క్లస్టర్ల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఎంత చదివినా ఒక సందేహం తీరడం లేదు. టంగ్‌స్టన్ చుట్టూ పన్నెండు సిలికాన్లు చేరిన క్లస్టర్ స్థిరత్వాన్ని 18 ఎలక్ట్రాన్ల నియమంతో (లోహపు తొమ్మిది సంయోజక ఆర్బిటాళ్లూ నిండితే అణువు స్థిరమన్న నియమం) వివరిస్తారు. టంగ్‌స్టన్‌వి 6, ఒక్కొక్క సిలికాన్ నుంచి 1 చొప్పున 12, మొత్తం 18. టైటానియం చుట్టూ పదహారు సిలికాన్లున్న క్లస్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్క సిలికాన్ నుంచి నాలుగేసి ఎలక్ట్రాన్లు తీసుకొని, ఆ 64కు టైటానియం 4 కలిపి, వచ్చిన 68 గోళాకార జెల్లియం నమూనాలో (ధనావేశం గోళమంతటా సమంగా పరచుకొని ఉందనుకొని ఎలక్ట్రాన్లను కర్పరాలుగా నింపే నమూనా) ఒక నిండిన కర్పరానికి సరిపోతుందంటారు. అదే క్లస్టర్‌కు 20 ఎలక్ట్రాన్ల నియమం వర్తిస్తుందనే వ్యాసాలు కూడా ఉన్నాయి.

ఒకే జాతి అణువుల్లో సిలికాన్ ఒకచోట ఒక ఎలక్ట్రాన్‌నూ మరొకచోట నాలుగింటినీ ఇస్తుందనడానికి ఆధారం ఏమిటి? స్థిరంగా ఉందని ముందే తెలిసిన క్లస్టర్‌కు అనుకూలమైన సంఖ్య వచ్చేలా లెక్కను మలుస్తున్నారా, లేక ఈ మూడు లెక్కల వెనుకా ఒకే బంధ చిత్రం ఉందా? ఈ విషయం మీద పనిచేసినవారు వివరిస్తే ఎంతో ఉపకారం.

స్ఫటికం

లెక్కలోకి దిగే ముందు పంజరం అసలు ఎందుకు కావలసి వస్తుందో చూడడం మంచిది, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. కార్బన్ తన పొరుగువారితో పై (π) బంధాలు సులువుగా ఏర్పరచుకుంటుంది కనుక ఒక్కొక్క పరమాణువుకు ముగ్గురు పొరుగువారే ఉన్న బోలు పంజరం దానికి కష్టం కాదు. సిలికాన్‌లో 3పీ ఆర్బిటాళ్ల పక్కపక్క అతిపాతం బలహీనం. కాబట్టి బోలు పంజరంలో ప్రతి సిలికాన్‌కూ మూడు బంధాలు పోగా, వ్యాసార్ధం వెంబడి నిలిచే నాలుగో ఆర్బిటాల్ జత లేకుండా మిగిలిపోతుంది. లోహం లేని సిలికాన్ క్లస్టర్లు ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి పంజర రూపాన్నే వదులుకుంటాయి. 1991లో జారొల్డ్, కాన్‌స్టంట్ చేసిన అయాన్ చలనశీలత ప్రయోగాల్లో (వాయువులో అయాన్ కదిలే వేగాన్ని బట్టి దాని ఆకారాన్ని అంచనా వేసేవి) సుమారు 27 పరమాణువుల వరకు ఈ క్లస్టర్లు పొడవాటి ఆకారంలో పెరిగి, ఆ తరువాతనే గుండ్రటి దట్టమైన ఆకారాలకు మారుతున్నట్లు తేలింది. ఎక్కడా బోలు గోళం లేదు.

మధ్యలో ఒక పరివర్తన లోహం ఉంటే పరిస్థితి మారుతుంది. జత లేని ఆ ఆర్బిటాళ్లకు లోహపు డీ, ఎస్, పీ ఆర్బిటాళ్లు లోపలి నుంచి జత కడతాయి. 1987లో బెక్ లేజర్‌తో ఆవిరి చేసిన సిలికాన్‌ను క్రోమియం, మాలిబ్డినం, టంగ్‌స్టన్ కార్బొనిళ్లతో కలిపి చూసినప్పుడు, ఒకే లోహ పరమాణువుతో 15, 16 సిలికాన్లున్న అయాన్లు ద్రవ్యరాశి వర్ణపటంలో ప్రస్ఫుటంగా కనిపించాయి. ఈ రంగం అక్కడే మొదలైంది.

2001లో హియురా, మియాజాకి, కనయామా అయాన్ ట్రాప్‌లో లోహ అయాన్లను సిలికాన్-హైడ్రోజన్ వాయువైన సైలేన్‌తో చర్య జరిపించారు. చర్య ముగిసేసరికి హైడ్రోజన్ అంతా పోయి మిగిలిన క్లస్టర్లలో సిలికాన్ల సంఖ్య హాఫ్నియంకు 14, టాంటలంకు 13, టంగ్‌స్టన్‌కు 12, రీనియంకు 11, ఇరిడియంకు 9. లోహపు సంయోజక ఎలక్ట్రాన్లు వరుసగా 4, 5, 6, 7, 9 అని గుర్తుంచుకొని కలిపి చూడండి, ప్రతిసారీ 18 వస్తుంది. ఇంత చక్కటి వరుసను చూసినవారికి 18 ఎలక్ట్రాన్ల నియమం గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ట్రాప్‌లో ఉన్నవి ఏకధనావేశ అయాన్లు కనుక నిక్కచ్చిగా లెక్కిస్తే వాటిలో 17 మాత్రమే ఉంటాయన్న సంగతిని మరచిపోకూడదు.

కక్ష్య

జిజ్ఞాసి గారూ, ఒకటా నాలుగా అన్న తేడా నిజానికి లేదు. రెండు సందర్భాల్లోనూ సిలికాన్‌కు నాలుగు ఎలక్ట్రాన్లే. మొత్తం చెబుతున్నామా, పంజరం అంచులకు ఖర్చయినది తీసివేసి మిగిలినది చెబుతున్నామా అన్నదే తేడా.

టంగ్‌స్టన్ క్లస్టర్‌ను మొదలు నుంచి లెక్కించండి. పన్నెండు సిలికాన్లవి 48, టంగ్‌స్టన్‌వి 6, మొత్తం 54. ఆ పంజరం షడ్భుజ పట్టకం. దానికి 12 శీర్షాలు, 18 అంచులు. ప్రతి శీర్షం దగ్గర మూడేసి అంచులు కలుస్తాయి. ఒక్కొక్క అంచును రెండు ఎలక్ట్రాన్ల మామూలు బంధంగా తీసుకుంటే 36 ఖర్చవుతాయి. 54లో 36 పోగా 18. సిలికాన్ నుంచి ఒకటి అని పుస్తకాల్లో రాసేది ఈ తీసివేత తరువాత మిగిలిన ఒక్క ఎలక్ట్రాన్‌నే.

ఇప్పుడు పదహారు సిలికాన్ల పంజరం. 2001లో కుమార్, కవాజోయె సూచించిన రెండు ఆకృతుల్లో ఒకటి ఫుల్లరీన్ (కార్బన్ బోలు పంజరం) తరహాది, రెండు చతురస్రాలూ ఎనిమిది పంచభుజాలూ ఉన్నది. దానికి 24 అంచులు, ప్రతి శీర్షానికీ మూడే. మొత్తం ఎలక్ట్రాన్లు 64, 4 కలిసి 68. అంచులకు 48 పోగా మిగిలేది 20. అంటే 68, 20 అన్నవి పోటీ నియమాలు కావు, ఒకే పద్దులోని మొత్తమూ శేషమూ. హాఫ్నియం చుట్టూ 14 సిలికాన్లకు మూడు చతురస్రాలు, ఆరు పంచభుజాలున్న పంజరం తీసుకుంటే 21 అంచులు వస్తాయి. 60లో 42 తీసివేస్తే మళ్లీ 18. ఇనుము చుట్టూ పది సిలికాన్ల పంచభుజ పట్టకంలోనూ అంతే: 48లో 30 పోగా 18.

రెండో ఆకృతి దగ్గర మాత్రం ఈ తీసివేత సాగదు. టైటానియం ఇష్టపడేది ఫ్రాంక్-కాస్పర్ బహుముఖి. దాని 16 శీర్షాల్లో పన్నెండింటికి ఐదేసి, నాలుగింటికి ఆరేసి పొరుగు శీర్షాలుంటాయి. అన్నీ త్రిభుజ ముఖాలే, మొత్తం 28, అంచులు 42. ఒక్కొక్క అంచుకు రెండు చొప్పున 84 ఎలక్ట్రాన్లు కావాలి, ఉన్నవి 68 మాత్రమే. కాబట్టి అంచు అంటే బంధం అన్న భావాన్ని ఇక్కడ వదిలివేసి, ఎలక్ట్రాన్లు పంజరమంతటా అస్థానీకృతమై ఉన్నాయని ఒప్పుకోవాలి. జెల్లియం నమూనా సహజంగా అమరేది ఇక్కడే. 1ఎస్, 1పీ, 1డీ, 2ఎస్, 1ఎఫ్, 2పీ, 1జీ, 2డీ వరకు నింపితే 2, 6, 10, 2, 14, 6, 18, 10 కలిపి 68 అవుతాయి.

ఈ 68ని వేరే దారిలో కూడా చేరవచ్చు, నాకు అదే ఎక్కువ తృప్తినిస్తుంది. త్రిభుజ ముఖాల బహుముఖులకు వేడ్ నియమం ప్రకారం శీర్షాల సంఖ్యకు నాలుగు రెట్లు వేసి రెండు కలపాలి, అంటే 66. కానీ చతుర్ముఖి సౌష్ఠవం ఉండి, శీర్షాల సంఖ్య మూడుతో భాగిస్తే ఒకటి మిగిలే బహుముఖులు ఈ నియమానికి మినహాయింపు అని స్టోన్ సిద్ధాంతం నుంచి తెలుస్తుంది. వాటికి రెండు ఎలక్ట్రాన్లు తక్కువో ఎక్కువో అవసరమవుతాయి. నాలుగు శీర్షాల తెల్ల భాస్వరం అణువులో 18కి బదులు 20 ఎలక్ట్రాన్లుండడం ఈ మినహాయింపు వల్లనే. 16 కూడా మూడుతో భాగిస్తే ఒకటి మిగిలే సంఖ్యే, 66కు రెండు కలిపితే 68.

జిజ్ఞాసి

కక్ష్య గారూ, ఎంతో స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. మొత్తానికీ శేషానికీ ఉన్న సంబంధం ఇప్పుడు తెలిసింది. అయినా మరో చిక్కు మిగిలింది. పన్నెండు సిలికాన్ల పంజరంలో శేషం 18 అయితే, పదహారు సిలికాన్ల పంజరంలో అది 20 ఎందుకు? లోహానికి ఒక ఎస్, మూడు పీ, ఐదు డీ కలిపి తొమ్మిదే ఆర్బిటాళ్లు. వాటిలో 18 ఎలక్ట్రాన్లు నిండిన తరువాత మరో జంట ఎక్కడికి వెళుతుంది?

మాపనం

ఆ జంట సంగతి సిద్ధాంతం తెలిసినవారు చెబుతారు. అంతకుముందు ఒక అభ్యంతరాన్ని ఇక్కడ నమోదు చేయాలి. అంచులకు రెండేసి ఎలక్ట్రాన్లు తీసివేసే పద్ధతి ప్రతి శీర్షానికీ మూడు అంచులున్న బహుముఖికే వర్తిస్తుంది. అలాంటి బహుముఖిలో శీర్షాల సంఖ్య తప్పనిసరిగా సరి సంఖ్య కావాలి, ఎందుకంటే శీర్షాల సంఖ్యను మూడుతో గుణించి రెండుతో భాగిస్తే అంచుల సంఖ్య రావాలి. టాంటలం 13, రీనియం 11, ఇరిడియం 9 అన్నవి బేసి సంఖ్యలు. కాబట్టి ఆ అందమైన వరుసలో సగానికి పైగా క్లస్టర్లకు ఈ బంధ చిత్రమే లేదు. 18 అనే సంఖ్య కుదిరినంత మాత్రాన వాటి నిర్మాణం తెలిసినట్లు కాదు. తొమ్మిది సిలికాన్లు ఇరిడియంను అన్ని వైపులా కప్పుతాయా అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

లోహం లోపల ఉందో బయట ఉందో ద్రవ్యరాశి వర్ణపటం నేరుగా చెప్పదు. అక్కడ ఒక శిఖరం ఎత్తుగా కనిపించడానికి స్థిరత్వంతో పాటు చర్య వేగం, ముక్కలయ్యే మార్గాలు, అయనీకరణ పరిస్థితులు కూడా కారణాలే. అందుకే వేరే పరీక్షలు అవసరమయ్యాయి. నకజిమా బృందం నీటి ఆవిరితో చర్యను చూసింది. లోహం బయట ఉంటే నీరు అంటుకుంటుంది, పంజరం దాన్ని పూర్తిగా కప్పివేస్తే అంటుకోదు. 2007లో యాన్సెన్స్, ఫీలికే, లీవెన్స్ తదితరులు ఇదే ఆలోచనతో ఆర్గాన్‌ను వాడారు. 80 కెల్విన్ దగ్గర ఆర్గాన్ సిలికాన్‌కు అంటదు, ఉపరితలం మీద ఉన్న లోహానికి మాత్రమే అంటుతుంది. క్లస్టర్ పెరిగేకొద్దీ ఆర్గాన్ అంటడం ఎక్కడ ఆగిపోతుందో చూస్తే పంజరం ఎక్కడ మూసుకుందో తెలుస్తుంది. ఆ పరిమాణం టైటానియం నుంచి కోబాల్ట్ వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది, చిన్న లోహానికి చిన్న పంజరమే చాలు కాబట్టి. ఇంత సరళమైన ప్రయోగం ఇంత నేరుగా జవాబు ఇవ్వడం ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయం.

పదహారు సిలికాన్ల కుటుంబం విషయంలో ఆధారాలు మరింత గట్టివి. 2005లో నకజిమా బృందం స్కాండియంకు ఆనయాన్, టైటానియంకు తటస్థ అణువు, వెనేడియంకు కేటయాన్ మాత్రమే ఎంపిక చేసినట్లుగా అధికంగా ఏర్పడుతున్నట్లు చూపింది. మూడింటిలోనూ మొత్తం 68 ఎలక్ట్రాన్లే. ఒక్క ఎలక్ట్రాన్ తేడాతో ఆవేశం మారుతూ, సంఖ్య మాత్రం మారకుండా నిలవడం కాకతాళీయం కాజాలదు. టైటానియం ఆనయాన్ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంలో (కాంతితో ఎలక్ట్రాన్లను వెలికితీసి వాటి శక్తిని కొలిచేది) అదనపు ఎలక్ట్రాన్ విడిగా ఒక చిన్న శిఖరంగా కనిపిస్తుంది. దానికీ తరువాతి పట్టీకీ మధ్య అంతరం సుమారు 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు. 2009లో లౌ తదితరులు టైటానియం, వెనేడియం, క్రోమియం పదహారు సిలికాన్ల కేటయాన్ల ఎక్స్-కిరణ శోషణ వర్ణపటాలను తీశారు. లోహం మారుతున్నా దాని చుట్టూ ఉన్న స్థానిక నిర్మాణం దాదాపు మారలేదని, అది అధిక సౌష్ఠవం గలదని వాటి నుంచి తేలింది. 2011లో వెనేడియం కేటయాన్ పరారుణ వర్ణపటం ఫ్రాంక్-కాస్పర్ ఆకృతికే సరిపోయింది.

కక్ష్య

మాపనం గారి బేసి సంఖ్యల అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. నా పద్దు మూడంచుల పంజరాలకే చెల్లుతుంది, దాన్ని ఆ పరిధి దాటించకూడదు.

ఇక ఇరవయ్యో ఎలక్ట్రాన్ సంగతి. దీనికి జెల్లియం కంటే సౌష్ఠవ గణితం మెరుగైన జవాబు ఇస్తుంది, కాస్త ఓపికగా చూద్దాం. షడ్భుజ పట్టకంలో పన్నెండు శీర్షాలూ ఒకదానికొకటి సమానమైనవి. సౌష్ఠవ చర్యలతో ఏ శీర్షం నుంచైనా ఏ శీర్షానికైనా వెళ్లవచ్చు. వ్యాసార్ధం వెంబడి ఉన్న పన్నెండు ఆర్బిటాళ్లను కలిపితే పూర్ణ సౌష్ఠవం గల కలయిక ఒక్కటే వస్తుంది. కానీ పట్టకం అక్షాన్ని జడ్‌గా తీసుకుంటే, లోహం వైపు అదే సౌష్ఠవం ఉన్నవి రెండున్నాయి: ఎస్ ఆర్బిటాల్, అక్షం వెంబడి సాగే డీ-జడ్-వర్గ ఆర్బిటాల్. ఒక్క జోడీ కోసం ఇద్దరు పోటీ. మిగిలిన మూడు పీ, నాలుగు డీ ఆర్బిటాళ్లకు తగిన జోడీలు పంజరంలో ఉన్నాయి. అంటే నిజమైన లోహ-పంజర బంధాలు ఎనిమిదే, వాటిలో 16 ఎలక్ట్రాన్లు. తొమ్మిదో ఆర్బిటాల్ దాదాపు అబంధకంగా లోహం మీద మిగిలిపోతుంది. అది శక్తిలో కిందికి ఉండి నిండితే 18, పైకి ఉండి ఖాళీగా ఉంటే 16.

పదహారు సిలికాన్ల రెండు పంజరాల్లోనూ పరిస్థితి వేరు. ఫ్రాంక్-కాస్పర్ బహుముఖిలో నాలుగు శీర్షాలు ఒక రకం, పన్నెండు మరో రకం. ఫుల్లరీన్ తరహా పంజరంలో చతురస్రాల మీద ఎనిమిది ఒక రకం, నడుము పట్టీలో ఎనిమిది మరో రకం. రెండు రకాలుంటే పూర్ణ సౌష్ఠవ కలయికలు రెండు వస్తాయి. చతుర్ముఖి సౌష్ఠవంలో లోహపు ఎస్‌కు పోటీ పడే డీ ఆర్బిటాల్ కూడా లేదు. కాబట్టి తొమ్మిది బంధాలూ సంపూర్ణంగా ఏర్పడి, వాటిపైన పంజరానికే చెందిన రెండో పూర్ణ సౌష్ఠవ ఆర్బిటాల్‌లో మరో జంటకు చోటు దొరుకుతుంది. జెల్లియం భాషలో 2ఎస్ అన్నది ఇదే. సౌష్ఠవం ఆ చోటు ఉందని మాత్రమే చెబుతుంది, అది శక్తిలో ఎక్కడ ఉంటుందో గణన చేసి తెలుసుకోవలసిందే.

గణకుడు

కక్ష్య గారు చెప్పిన ఆ తొమ్మిదో ఆర్బిటాలే క్రోమియం-సిలికాన్-12 మీద సాగిన వివాదానికి మూలం. టంగ్‌స్టన్‌కు పనికివచ్చిన 18 క్రోమియంకూ పనికివస్తుందని ఎన్నో ఏళ్లు అనుకున్నారు. అబ్రూ, రెబర్, ఖన్నా 2014లో ఆ భావనను నేరుగా ప్రశ్నించారు. వారి లెక్కల ప్రకారం క్రోమియం పట్టకంలో డీ-జడ్-వర్గ ఆర్బిటాల్ పైకి నెట్టబడి ఖాళీగా ఉంటుంది, లోహం చుట్టూ ప్రభావవంతంగా ఉండేవి 16 ఎలక్ట్రాన్లే, పైగా తోటి క్లస్టర్ల మధ్య దానికి ప్రత్యేకమైన స్థిరత్వమూ లేదు. 3డీ ఆర్బిటాళ్లు 5డీ ఆర్బిటాళ్లంత దూరం విస్తరించవు. పన్నెండు సిలికాన్ల పంజరం క్రోమియంకు కొంచెం వదులు, టంగ్‌స్టన్‌కు సరిగ్గా సరిపోతుంది.

ఈ మాటను సంఖ్యలతో సరిచూడవచ్చు. సిలికాన్-సిలికాన్ దూరాన్ని స్ఫటికంలోని 2.35 ఆంగ్‌స్ట్రామ్‌లుగానే తీసుకుందాం. షడ్భుజ పట్టకంలో కేంద్రం నుంచి శీర్షానికి దూరం అంచుకు 1.118 రెట్లు, అంటే 2.63 ఆంగ్‌స్ట్రామ్‌లు. టంగ్‌స్టన్ డైసిలిసైడ్ స్ఫటికంలోని అతి దగ్గరి దూరానికి ఇది చాలా సమీపం. పంచభుజ పట్టకంలో అది 2.32కు తగ్గుతుంది, ఇనుము, కోబాల్ట్ వంటి లోహాలకు అనువైన దూరం. ఘనాకారంలో 2.04 మాత్రమే, ఏ పరివర్తన లోహానికైనా ఇరుకు. ఇరవై సిలికాన్ల ద్వాదశముఖిలో 3.29 ఆంగ్‌స్ట్రామ్‌లు, అందువల్లనే థోరియం వంటి పెద్ద పరమాణువు పేరు అక్కడ వినిపిస్తుంది. నిజమైన క్లస్టర్లలో అంచులు కొంత సాగుతాయి కానీ వరుస మారదు. ఎలక్ట్రాన్ల లెక్క ఎంత బాగా కుదిరినా దూరం కుదరని చోట పంజరం నిలవదని నా అభిప్రాయం.

మాంగనీస్ కేటయాన్ మరింత సున్నితమైన సందర్భం. దానికీ క్రోమియంకూ ఎలక్ట్రాన్ల సంఖ్య సమానమే. దాని పన్నెండు సిలికాన్ల క్లస్టర్ భూస్థితిలోనే ద్విరాడికల్ లక్షణం ఉందని 2016లో మెక్‌గ్రేడీ తదితరులు చూపారు. అంటే ఒకే ఎలక్ట్రాన్ విన్యాసంతో దాన్ని వర్ణించలేము. సగం నిండిన, సగం ఖాళీ అయిన ఆర్బిటాళ్లున్న చోట 16 అనాలా 18 అనాలా అన్న ప్రశ్నకే అర్థం పలచబడిపోతుంది.

మాపనం

మాంగనీస్ విషయంలో ప్రయోగం కూడా ఒక ముఖ్యమైన మాట చెప్పింది. 2013లో వెలువడిన ఎక్స్-కిరణ అధ్యయనంలో, లోహం ఉపరితలం మీద ఉన్న చిన్న క్లస్టర్లలో అధిక స్పిన్ నిలిచి ఉండి, పదకొండు సిలికాన్ల దగ్గర లోహం పంజరం లోపలికి చేరగానే ఆ అయస్కాంతత్వం అణగిపోయింది. పొరుగు సిలికాన్ల సంఖ్య పెరిగేకొద్దీ డీ ఎలక్ట్రాన్లు స్పిన్‌ను వదులుకొని బంధాలలోకి పోతున్నాయన్న మాట. లోహ-పంజర బంధం ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు.

కొత్త చదువరి

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. ఒక చిన్న సందేహం. ఇవన్నీ వాయుస్థితిలో క్షణకాలం కనిపించే అయాన్లే కదా. జెర్మేనియం, తగరం, సీసంతో ఇలాంటి పంజరాలను ద్రావణంలో చేసి, స్ఫటికాలుగా కూడా తీశారని విన్నాను. వాటికీ ఇదే బంధ చిత్రం వర్తిస్తుందా?

స్ఫటికం

వర్తించేది కొంత, వర్తించనిది కొంత. ఆ తేడా ఈ చర్చకు చాలా అవసరం. 2004లో ఐకార్న్ బృందం తయారు చేసిన ప్లాటినం కేంద్రిత పన్నెండు సీసం పరమాణువుల ద్విఋణావేశ అయాన్ వింశతిముఖి. అందులో ప్లాటినం తన పది డీ ఎలక్ట్రాన్లను తన దగ్గరే ఉంచుకుంటుంది. పంజరానికి సీసం ఇచ్చిన 48, ఆవేశం ఇచ్చిన 2 కలిసి 50, వేడ్ నియమం కోరేది సరిగ్గా అంతే. 2005లో వచ్చిన నికెల్ కేంద్రిత పది సీసాల అయాన్‌లోనూ అదే పద్ధతి, పంజరానికి 42. ఇక్కడ లోహం కేవలం మధ్యలో కూర్చున్న అతిథి వంటిది.

2009లో ఇనుము, కోబాల్ట్ కేంద్రంగా పది జెర్మేనియంల త్రిఋణావేశ అయాన్లు స్ఫటికాలుగా దొరికినప్పుడు అందరూ ఆశ్చర్యపోవడానికి కారణం, అవి త్రిభుజ ముఖాల బహుముఖులు కాకుండా పంచభుజ పట్టకాలు కావడమే. అక్కడ లోహం అతిథిగా మిగలలేదు, తన డీ ఎలక్ట్రాన్లను పంజరానికి ఇచ్చింది. పంజరంలో ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ త్రిభుజాలు తెరచుకొని చతురస్రాలు, పంచభుజాలు అవుతాయి, ప్రతి శీర్షానికీ మూడే అంచులు మిగిలేవరకు. ఆవర్తన పట్టికలో కుడివైపు లోహాలు ఎలక్ట్రాన్లను అంటిపెట్టుకొని త్రిభుజాల పంజరాన్ని, ఎడమ నుంచి మధ్య వరకు ఉన్న లోహాలు వాటిని ఇచ్చి పట్టకాన్ని ఇష్టపడతాయన్నది స్థూల ధోరణి. టైటానియం ఫ్రాంక్-కాస్పర్ ఆకృతి ఈ ధోరణికి లొంగదు. పదహారు శీర్షాల త్రిభుజ బహుముఖికి 68 ఎలక్ట్రాన్లే కావడంతో, టైటానియం తన నాలుగింటినీ ఇచ్చినా అది తెరచుకోనక్కర లేదు. కక్ష్య గారి మినహాయింపు విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఫ్రాంక్‌తో కలిసి 1958, 1959లో మిశ్రమ లోహాల బహుముఖులను వర్గీకరించిన కాస్పర్, 1965లో సోడియం-సిలికాన్ క్లాత్రేట్ (పంజరాలు ఒకదానికొకటి అతుక్కొని ఉండే స్ఫటికం) నిర్మాణాన్ని ప్రకటించినవారిలో కూడా ఒకరు. ఆ క్లాత్రేట్‌లో సోడియం చుట్టూ 20, 24 సిలికాన్ల పంజరాలున్నాయి. అయితే అక్కడ ప్రతి సిలికాన్‌కూ నాలుగో బంధం పక్క పంజరంతో ఉంది కనుక సోడియం వంటి బలహీనమైన అతిథి సరిపోయింది. విడిగా నిలిచే పంజరానికి అది చాలదు.

మాపనం

కొత్త చదువరి గారి ప్రశ్నలో మొదటి భాగానికి ఒక జోడింపు. పదహారు సిలికాన్ల కుటుంబం వాయుస్థితికే పరిమితం కాలేదు. మాగ్నెట్రాన్ స్పట్టరింగ్‌తో టాంటలం-సిలికాన్-16 అయాన్లను అధికంగా తయారు చేసి, ద్రవ్యరాశితో ఎంపిక చేసి, ఉపరితలాల మీద దించుతున్నారు. టాంటలం 5, సిలికాన్లు 64 కలిసి 69, నిండిన కర్పరం కంటే ఒకటి ఎక్కువ. 2015లో నకజిమా బృందం దాన్ని ఫుల్లరీన్ పొర మీద నిలిపినప్పుడు అది ఒక ఎలక్ట్రాన్‌ను ఫుల్లరీన్‌కు వదులుకొని ధనావేశంతో నిలిచింది. అంటే క్షార లోహంలా ప్రవర్తించింది. అందుకే ఇలాంటివాటిని సూపర్ ఆటమ్ అంటున్నారు. ఉపరితలాన్ని తాకిన తరువాత కూడా పంజరం చెదరకపోవడం, లెక్కించిన ఎలక్ట్రాన్ లెక్క ప్రకారమే బయటకు పోవడం నాకు ఎంతో విలువైన ఫలితాలుగా తోస్తాయి.

జిజ్ఞాసి

ఇంతమంది ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. క్రోమియంకు 16 అనీ టంగ్‌స్టన్‌కు 18 అనీ తేలితే, ఆ రెండింటికీ మధ్యనున్న మాలిబ్డినం సంగతి సహజంగానే ప్రశ్నగా మిగులుతుంది. మాలిబ్డినం-సిలికాన్-12 మీద గణన మొదలుపెట్టాలనుకుంటున్నాను. ముందుగా వేటిని చూడాలి?

గణకుడు

మంచి ఎంపిక. ఎలక్ట్రాన్ల సంఖ్యను చివరికి వదిలిపెట్టి, మొదట నిర్మాణాలను వెతకండి. షడ్భుజ పట్టకాన్ని ఒక్కదాన్నే ఊహించుకొని మొదలుపెట్టకుండా, రెండు కప్పులు వేసిన పంచభుజ పట్టకాన్నీ, సౌష్ఠవం తగ్గిన వక్రరూపాలనూ కలిపి సడలించండి. ప్రతి కనిష్ఠ స్థానం దగ్గరా కంపన పౌనఃపున్యాలన్నీ ధనాత్మకంగా ఉన్నాయో లేదో సరిచూడండి. ఏక స్పిన్ స్థితితో పాటు త్రిక స్థితినీ లెక్కించండి, తరంగ ప్రమేయం స్థిరమైనదేనా అన్న పరీక్ష తప్పనిసరిగా చేయండి. క్రోమియంకు కూడా అదే పద్ధతిలో, ఎలక్ట్రాన్ల పరస్పర చర్యకు వాడే అదే ఉజ్జాయింపు సూత్రంతో, అంటే అదే ఫంక్షనల్‌తో చేస్తేనే పోలికకు విలువ ఉంటుంది. ఖచ్చితమైన వినిమయం పాలు ఎక్కువగా ఉన్న ఫంక్షనళ్లు 3డీ లోహాల్లో అధిక స్పిన్ వైపు మొగ్గుతాయి కనుక కనీసం రెండు రకాల ఫంక్షనళ్లతో చూడడం మేలు.

ఆ తరువాత పూర్ణ సౌష్ఠవం గల ఆర్బిటాళ్లను మాత్రమే విడదీసి, మూడు లోహాలకూ పక్కపక్కన పెట్టండి. తొమ్మిదోది ఎంత శాతం లోహానిదో, ఎంత శాతం పంజరానిదో, అది నిండిన అంచుకు ఎంత దూరంలో ఉందో చూస్తే మీ ప్రశ్నకు నేరుగా జవాబు వస్తుంది. దానితో పాటు ఆనయాన్ నుంచి ఎలక్ట్రాన్ వేరుపడే శక్తులను కూడా లెక్కిస్తే, మీ ఫలితాన్ని ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంతో సరిచూసుకోవచ్చు. తొమ్మిదో ఆర్బిటాల్ ఖాళీగా ఉన్న క్లస్టర్‌లో ఆనయాన్ అదనపు ఎలక్ట్రాన్ అందులోకే చేరే అవకాశం ఉంది. నిండిన క్లస్టర్‌లో అది వేరే ఆర్బిటాల్‌లోకి పోక తప్పదు. ఆ తేడా వర్ణపటంలోని మొదటి శిఖరం స్థానంలోనే కనిపించాలి.